వకీలుగారి యింట మొదటినాడు

చిప్పగిరినుండి ఒక రైతు వ్యాజ్యపు పనిమీద ఆలూరునకో ఆదోనికో బయలుదేరినాడనుకొందము. చేత గుడ్డసంచి, అందులో తాతనాటి దస్తావేజులు, శిస్తు రసీదులు, మడతలలో చినిగిన ప్రామిసరీ నోటు. వకీలుగారి గుమాస్తా ఒక కాగితము ముందుంచి, వేలిముద్ర వేయుమనును. రైతు ముద్రవేసి, బస్సునకు వేళయైనదని లేచిపోవును. పావుగంటలో ముగిసిన యీ పనియే ఏండ్లతరబడి నడువబోవు వ్యాజ్యమునకు పునాది. ఆనాడు వ్రాయవలసిన కాగితములెవ్వి, వానిని కక్షిదారు ఎట్లు చూచుకొనవలయునన్నదే నేటి ప్రసంగ విషయము.

మొదటిది వకాలతునామా. 1908వ సంవత్సరపు సివిలు ప్రొసీజరు కోడు ననుసరించి, కక్షిదారు వ్రాతమూలముగా నియమింపనిదే న్యాయవాది అతని పక్షమున కోర్టులో దాఖలాలు చేయుట మొదలగు పనులు నడుపరాదు. దాఖలైన పిదప, కోర్టు అనుమతితో రద్దుపరచువరకును, లేక ఇరువురిలో నొకరు మరణించువరకును, లేక వ్యాజ్యము ముగియువరకును అది అమలులో నుండును. కావున దానిలో కోర్టు పేరు, ఉభయపక్షముల పేర్లు పూర్తిగా నిండినవో లేవో చూడవలయును. రాజీపడుటకు, సొమ్ము పుచ్చుకొనుటకు అధికార మిచ్చుచున్నామా యని అడిగి తెలిసికొనవలయును. ఖాళీ కాగితముపై వ్రాలుగాని వేలిముద్రగాని ఎన్నటికిని వేయరాదు.

చదువురాని కక్షిదారు విషయమున మన రాష్ట్రపు సివిలు నిబంధనలు మరింత జాగ్రత్త వహించినవి. వకాలతును అతనికి చదివి, తెలిసిన భాషలో వివరించితిమనియు, అతడు గ్రహించినట్లు కనబడెననియు సాక్షి వ్రాసి ధ్రువపరుపవలయును. ఆలూరు తాలూకా 1953 అక్టోబరు 1వ తేదీవరకు బళ్లారి జిల్లాలోనిది. ఈ సీమలో కన్నడము ఇంటిభాషగా గలవారు నేటికిని కలరు. కొన్ని యిండ్ల పాత పత్రములు ఆ భాషలోనే యుండుట వింతగాదు. అట్టివారికి తెలుగు పత్రము చదివి వినిపించినంతమాత్రమున చాలదు. కన్నడ దస్తావేజునకు అనువాదము కావలసియున్నదని తొలినాడే గుర్తు వ్రాసికొనవలయును.

రెండవది వివరముల కాగితము. ఊరిలో పిలుచు పేరొకటి, పట్టాదారు పాసు పుస్తకములోని పేరు మరియొకటి యైనచో రెండును వ్రాయింపవలయును. తండ్రిపేరు, ప్రస్తుతపు చిరునామా, సర్వే నంబరు, పొలము హద్దులు తప్పక యుండవలయును. ఎదుటిపక్షము వారి పేర్లు మొదటనే అడుగుటకు మరియొక కారణము కలదు. న్యాయవాదికి వారితో సంబంధముగాని ఆ వివాదమున స్వప్రయోజనముగాని యున్నచో, ఆ సంగతి ముందే కక్షిదారునకు చెప్పవలయునని బారు కౌన్సిలు నిబంధన.

మూడవది తేదీల పట్టిక. పెక్కు వ్యాజ్యములు ఇక్కడనే చెడుచున్నవి. 1963వ సంవత్సరపు కాలపరిమితి చట్టము ప్రకారము, అడిగిన తక్షణమే చెల్లింపవలసిన ప్రామిసరీ నోటుపై దావాకు వ్రాసిన తేదీనుండి 3 సంవత్సరములే గడువు. ఆ గడువులోపల బాకీదారు కొంత చెల్లించి, ఆ చెల్లు తన చేవ్రాతతోగాని తన వ్రాలుతోగాని నమోదుచేసినచో, ఆనాటినుండి మరల 3 సంవత్సరములు లెక్కకు వచ్చును. డిక్రీపై అప్పీలునకు హైకోర్టైనచో 90 దినములు, తక్కిన పై కోర్టులకు 30 దినములు; నకలు పొందుటకు పట్టిన కాలమును ఇందుండి తీసివేయుదురు. "ప్రత్తి తీసిన పిమ్మట వచ్చెద"నని రైతు ఆగవచ్చును గాని గడువు ఆగదు. న్యాయమైన బాకీయును కాలదోషము పట్టినచో కోర్టులో రాలదు.

నాల్గవది అప్పగించిన పత్రముల జాబితా. దీనిని రెండు ప్రతులుగా వ్రాసి, ముట్టినట్లు వ్రాలు చేయించుకొని, ఒకటి తనయొద్ద నుంచుకొనవలయును. ఫీజు ఎంత, కోర్టు ఖర్చులెంత అన్నదియు వ్రాతలో నుండుట ఉభయులకును మేలు. గెలిచినచో ఇంత భాగమను ఒప్పందమును బారు కౌన్సిలు నిషేధించినది. స్త్రీలకును, పిల్లలకును, షెడ్యూల్డు కులములు తెగలవారికిని, వికలాంగులకును 1987వ సంవత్సరపు చట్టము ప్రకారము ఉచిత న్యాయసహాయము పొందు హక్కు కలదు. కోర్టులయొద్దనుండు మండల న్యాయసేవా సంఘమునకు అర్జీ పెట్టుకొనవచ్చును.

ఇన్ని కాగితములు సరిగా నున్నను, వానిలోని మాట నిజము కానిచో ఫలము లేదు. తనకు ప్రతికూలమైన సంగతిని వకీలుకు చెప్పుటకు పలువురు జంకుదురు. ఆ భయము అనవసరము. కక్షిదారు తన వ్యవహారమున చెప్పిన మాటను అతని సమ్మతిలేక న్యాయవాది వెల్లడింపరాదని 1872వ సంవత్సరపు సాక్ష్య చట్టము శాసించినది. 2024 జూలై 1వ తేదీనుండి దాని స్థానమున అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమును ఆ రక్షణను నిలిపినది. నేరము చేయుటకై కోరిన సలహాకు మాత్ర మీ రక్షణ లేదు. తమ్మునితో చేసికొన్న పాత ఒప్పందమునుగాని, పుచ్చుకొన్న బయానానుగాని దాచినచో, అది అడ్డు సవాళ్లలో నలుగురి యెదుట బయటపడును. అప్పుడు వకీలు చేయగలిగినది స్వల్పము.

కావున రైతు ఆనాడు ఒక బస్సు తప్పినను తప్పనిచ్చి, కాగితము చదివించుకొని, తేదీలు సరిచూచుకొని, జాబితా ప్రతి సంచిలో వేసికొని మరి ఇంటిదారి పట్టవలయును.