పాత డోక్రా బొమ్మ కొంటున్నారా? వయసు కన్నా పనితనమే ముఖ్యం

దంతెవాడ: శంఖినీ, డంకినీ నదుల సంగమం వద్ద కొలువైన దంతేశ్వరి అమ్మవారి దర్శనానికి తెలుగు రాష్ట్రాల నుంచి కూడా భక్తులు వస్తుంటారు. ఓరుగల్లు కాకతీయ వంశీయుడు అన్నమదేవుడు 14వ శతాబ్దంలో బస్తర్‌లో రాజ్యం స్థాపించినట్లు చరిత్ర చెబుతోంది. ఈ ప్రాంతానికి వచ్చిన యాత్రికులను ఆకట్టుకునే వాటిలో డోక్రా లోహపు బొమ్మలు ముందుంటాయి. అయితే 'ఇది తాతల నాటిది' అనే ఒక్క మాటతో బొమ్మ ధర పెరిగిపోతుంది. తక్కువ డబ్బుతో కొనదలచినవారు జాగ్రత్త పడవలసింది ఇక్కడే.

ఎలా తయారవుతుంది?

బస్తర్‌లో ఘడ్వా కళాకారులు తరతరాలుగా ఈ పని చేస్తున్నారు. ముందు మట్టితో ఆకారం చేసి, దానిపై తేనెమైనపు దారాలు చుట్టి నగిషీలు దిద్దుతారు. పైన మళ్లీ మట్టి పూసి కాలిస్తే మైనం కరిగిపోతుంది. ఆ ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక మట్టి మూసను పగలగొట్టి బొమ్మను వెలికి తీస్తారు. ఒక మూస ఒకే బొమ్మకు పనికివస్తుంది కనుక ఏ రెండు బొమ్మలూ అచ్చంగా ఒకేలా ఉండవు. మొహెంజొదారోలో దొరికిన నర్తకి ప్రతిమ కూడా ఇదే మైనపు పోత పద్ధతిలో తయారైనదే. బస్తర్ డోక్రాకు 2008లో, ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది.

పాతదనానికి పరీక్షలు

నల్లబడినంత మాత్రాన బొమ్మ పాతది కాదు. మసి, రసాయనాలతో కొత్త ఇత్తడికి నెలల వ్యవధిలోనే పాత రంగు తెప్పించవచ్చు. తడిగుడ్డతో తుడిచినప్పుడు రంగు లేదా పచ్చటి చిలుము ఊడి వస్తే అనుమానించాలి. చేతులు మారిన పాత బొమ్మలో ముక్కు, మోకాలు, అంచులు వంటి ఎత్తైన భాగాలే అరిగి నునుపెక్కుతాయి. నగిషీల లోతులో నలుపు నిలిచి ఉంటుంది. అరుగుదల అంతటా ఒకేలా ఉంటే అది కావాలని రుద్దినది కావచ్చు.

బొమ్మ పక్కల నిలువునా అతుకు గీత కనిపించినా, పక్కనున్న బొమ్మ కూడా అచ్చుగుద్దినట్లు ఉన్నా అది రెండు ముక్కల అచ్చులో పోసినది కావచ్చు. అయస్కాంతానికి అంటుకుంటే అది ఇత్తడి కాదు. లోపల మట్టి ఉండే అవకాశం ఉన్నందున బరువును బట్టి ధర కట్టడం కూడా సరికాదు.

చట్టం ఏమంటోంది?

నిజంగా పాతదైతే మరో చిక్కు ఉంది. 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్లు, అంతకు మించిన వయసున్న కళాఖండం పురావస్తువు అవుతుంది. వాటి వ్యాపారానికి లైసెన్సు తప్పనిసరి. ప్రభుత్వం నోటిఫై చేసిన తరహా పురావస్తువులను సొంతదారు నమోదు చేయించాలి. ప్రైవేటు వ్యక్తులు వాటిని విదేశాలకు పంపడం నిషిద్ధం. పైగా పాత దేవతా ప్రతిమ ఏ గుడి నుంచో, ఏ ఇంటి పూజా స్థలం నుంచో వచ్చి ఉండవచ్చు. ఎక్కడిదో చెప్పలేని విగ్రహాన్ని ఎంత చవకైనా కొనకపోవడమే మేలు.

తక్కువ బడ్జెట్‌లో ఏది?

పరిమిత సొమ్ముతో పెద్ద బొమ్మ కోసం పోతే పనితనం తగ్గుతుంది. అదే సొమ్ముకు చిన్న గంట, తాబేలు, ఏనుగు లేదా బస్తర్ ప్రేమకథలోని ఝిట్కు-మిట్కీ జంటను ఎంచుకుంటే సన్నని, తెగని దారపు గీతలున్న మంచి పని దొరికే అవకాశం ఎక్కువ. చిన్న సూదిరంధ్రాలు పోతలో సహజమే. విరిగి అతికించిన కాళ్లు, టంకంతో పూడ్చిన పెద్ద రంధ్రాలు ఉంటే మాత్రం ధర తగ్గించమని అడగవచ్చు. కొన్న పాత బొమ్మను చింతపండుతో తోమితే కాలం ఇచ్చిన రంగు పోతుంది, పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

ఈ కళకు ప్రధాన కేంద్రమైన కొండగావ్, భద్రాచలం మీదుగా జగదల్‌పూర్ వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారిపైనే ఉంది. అక్కడ కళాకారుల వద్ద నేరుగా కొనవచ్చు. లేదంటే ఛత్తీస్‌గఢ్ హస్తశిల్ప వికాస్ బోర్డు శబరి ఎంపోరియంలు ఉన్నాయి. ఎక్కడ కొన్నా చేసినవారి పేరు, ఊరు, తేదీ బిల్లుపై రాయించుకోవడం మంచిది. నేటి కొత్త బొమ్మ రేపు పాతదైనప్పుడు, అది ఎవరి చేతిలో ఎప్పుడు రూపుదిద్దుకుందో చెప్పేది ఆ కాగితమే.