నీట్‌ పోయింది.. బయాలజీ పోలేదు!

సిద్దిపేటలో బీజడ్‌సీ ఆఖరి ఏడాదిలో ఉన్నారా? 2018లో మన ఊళ్లోనే ప్రభుత్వ మెడికల్‌ కాలేజీ వచ్చింది కానీ, మీకు సీటు రాలేదు. ఇంట్లో ‘ఇక బీఈడీ చేసెయ్‌’ అంటున్నారు. టీచరవ్వాలని ఉంటే సరే, లేదంటే కాస్త ఆగండి.

ఓయూ నిర్వహించే సీపీగెట్‌ ఎలాగూ రాస్తారు. మనవాళ్లు పట్టించుకోనిది గ్యాట్‌-బి. హైదరాబాద్‌ సెంట్రల్‌ యూనివర్సిటీతో సహా దేశంలో చాలాచోట్ల ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ సీట్లకు దారి ఇదే. మొత్తం 240 మార్కులు. సెక్షన్‌-ఎలో ఇంటర్‌ స్థాయి ప్రశ్నలు 60, అన్నీ రాయాలి. సెక్షన్‌-బిలో డిగ్రీ స్థాయివి 100 ఇస్తారు, 60 రాస్తే చాలు. ఇక్కడ ఒక్కోదానికి 3 మార్కులు, తప్పయితే ఒకటి కోత. కాబట్టి గుడ్డిగా టిక్కులు పెట్టకండి. బైపీసీ వాళ్లను భయపెట్టేది సెక్షన్‌-ఎలోని లెక్కలే. అసలు కసరత్తు అక్కడే.

ఆహారం, పోషణపై ఆసక్తి ఉంటే తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో అప్లైడ్‌ న్యూట్రిషన్‌ ఎమ్మెస్సీ ఉంది. అర్హతలు నోటిఫికేషన్‌లో చూసుకోండి.

ఒక్క మాట. ‘మెడికల్‌’ అని పేరున్న ఎమ్మెస్సీలన్నీ డాక్టర్‌ను చేయవు. ఫీజు కట్టేముందే ల్యాబ్‌ ఎలా ఉందో కళ్లారా చూడండి, పాత విద్యార్థులు ఎక్కడ పనిచేస్తున్నారో అడగండి. ఎమ్మెస్సీ తర్వాత సీఎస్‌ఐఆర్‌ నెట్‌లో జేఆర్‌ఎఫ్‌ వస్తే, పీహెచ్‌డీ చేస్తూనే మొదటి రెండేళ్లు నెలకు రూ.37 వేలు అందుతాయి. ఇది 2023 నుంచి అమల్లో ఉన్న మొత్తం.

ముందైతే ఎంపీసీ చదివిన దోస్తును ఇంటర్‌ లెక్కల పుస్తకం అడగండి.