నలుసంత స్ఫటికము

మైలుతుత్తపు ద్రావణములో దారము వ్రేలాడదీసి, దినదినము పెరుగు నీలి స్ఫటికమును చూచి ఆనందింపని విద్యార్థి యుండడు. 1912లో మ్యూనిక్ నగరమున లౌవే సూచన ననుసరించి ఫ్రీడ్రిష్, క్నిప్పింగ్ అను నిరువురు అట్టి మైలుతుత్తపు స్ఫటికము గుండ ఎక్స్-కిరణములను పంపగా, ఫోటో పలకపై చుక్కలు ఏర్పడినవి. ఆ చుక్కలనుబట్టి పరమాణువుల అమరికను గ్రహించు విద్యను ఇంగ్లండులో బ్రాగ్ తండ్రికొడుకులు వృద్ధిచేసిరి.

అయితే ఆ విద్యకు స్ఫటికము తగినంత పెద్దదిగా నుండవలెను. ఎక్స్-కిరణములలో అధికభాగము పదార్థమును తాకకయే దాటిపోవును గనుక, మిక్కిలి చిన్న స్ఫటికము నుండి వచ్చు చుక్కలు కంటి కానరావు. ఎన్నియో ప్రోటీనులు, మందులు ఎంత ఓర్పుతో పెంచినను పొడిగనే మిగిలిపోవును. ఏండ్ల శ్రమకు ఫలముగా తెల్లని ధూళి మాత్రమే దక్కిన పరిశోధకుని నిరాశ ఊహింపదగినది.

ఈ ధూళికి దారి చూపినది ఎలక్ట్రాను. కదలు కణమునకు తరంగ స్వభావము కలదని 1924లో డి బ్రోయీ ప్రతిపాదించెను. న్యూయార్కులోని బెల్ ప్రయోగశాలలలో డేవిసన్, జెర్మర్ నికెలు ముక్కపై ఎలక్ట్రానులను ప్రయోగించుచుండగా, 1925లో ద్రవవాయువు సీసా ప్రేలి గాజునాళము పగిలినది. గాలి సోకి నికెలు చెడినది. బాగుచేయుటకై దానిని చాలసేపు వేడిచేయగా, అందలి చిన్న స్ఫటికములు కలిసి కొన్ని పెద్ద స్ఫటికములైనవి, ప్రయోగఫలితమే మారిపోయినది. ఆ మార్పునకు కారణము వెదకి, 1927లో వారు ఎలక్ట్రాను తరంగమును నిరూపించిరి. అదే యేట స్కాట్లండులో జి. పి. థామ్సన్ పలుచని పొరలతో ఆ సత్యమునే స్థాపించెను. ఎలక్ట్రానును కణముగా కనుగొన్న జె. జె. థామ్సన్ ఆయన తండ్రియే!

ఆనాడు చిన్న స్ఫటికములు పెద్దవగుటచే తరంగము బయటపడినది. నేడు ఆ తరంగమే చిన్న స్ఫటికముల గుట్టు విప్పుచున్నది. ఎక్స్-కిరణములకంటె ఎలక్ట్రానులు పదార్థముతో వేలరెట్లు బలముగా చర్య నొందును. కనుక కొన్ని వందల నానోమీటర్ల మందముగల స్ఫటికము చాలును. నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షవ వంతు.

కాని ఆ బలమే చిక్కు కూడ. తీవ్రమైన ఎలక్ట్రాను ధార స్ఫటికమును క్షణములో పాడుచేయును. కనుక పరికరమంతయు నిగ్రహముపై నిర్మితమైనది. వాయువును తొలగించిన గొట్టములో రెండు లక్షల వోల్టులతో ఎలక్ట్రానులను పరుగెత్తించి, అయస్కాంత కటకములతో ధారను దిద్ది, మిక్కిలి పలుచగా పంపుదురు. స్ఫటికమును ద్రవనత్రజనితో చల్లబరతురు. మందమైన చుక్కలను సైతము పట్టగల కెమెరా వాటిని లెక్కించును. 2013లో అమెరికాలోని జనీలియా పరిశోధనాలయమున టామిర్ గోనెన్ బృందము ఈ రీతిగా కోడిగ్రుడ్డు తెల్లసొనలోని లైసోజైము నిర్మాణమును సాధించెను. మరుసటి యేట స్ఫటికమును ఆపక మెల్లగా త్రిప్పుచు చిత్రములు తీయు పద్ధతి వచ్చి, కొలతలు మెరుగుపడినవి. అంతవరకు ఎలక్ట్రాను సూక్ష్మదర్శినినే ఈ పనికి మలచుకొనుచుండగా, 2021లో జపానుకు చెందిన రిగాకు, జియోల్ సంస్థలు దీనికే ప్రత్యేకించిన యంత్రమును ప్రకటించినవి.

ఇందువలన ప్రయోజనమేమి? 1998లో రిటోనవిర్ అను ఎయిడ్స్ మందు హఠాత్తుగా వేరొక స్ఫటికరూపము దాల్చినది. అణువు అదియే; అమరిక మాత్రమే వేరు. కరుగుట తగ్గినందున ఆ మందు గుళికల సరఫరా నిలిచి రోగులు ఇక్కట్ల పాలైరి. పొడిలోని ఒక్కొక్క రేణువును పరీక్షింపగలిగిన, అట్టి మార్పును ముందే పసిగట్టు అవకాశము పెరుగును. 2018లో పరిశోధకులు జలుబుమందు గుళికలోని పొడినుండియే పారాసిటమాల్ నిర్మాణమును గుర్తించిరి.

ఈ పద్ధతికిని హద్దులున్నవి. స్ఫటికము మందమైనచో ఎలక్ట్రానులు లోపల పలుమారులు చెదరి లెక్కను తారుమారు చేయును. అయినను, పనికిరాదని ప్రక్కన పెట్టిన పొడి నేడు పరిశోధనకు తగిన వస్తువైనది. గాజుపాత్ర అడుగున మిగిలిన మైలుతుత్తపు నలుసులో కూడ, పెద్ద స్ఫటికములోని క్రమమే నెలకొనియున్నది.