ఎవరూ చదవని లాగ్ లైన్ మా సర్వర్‌ని ఎలా ముంచింది? | పైథాన్ పీప్రింట్ ఎందుకు స్లో

మీలో చాలామంది ఫోన్‌లోనే చూస్తారు, స్క్రీన్ మీద కోడ్ పెడితే చీమల బారులా ఉంటుంది. అందుకే ఇవాళ కోడ్ తక్కువ, కథ ఎక్కువ. కథలో తప్పు నాదే, ముందే ఒప్పేసుకుంటున్నా.

బీటెక్ అయ్యాక బస్ టికెట్లు అమ్మే ఒక కంపెనీలో పనిచేశాను. పేరు వద్దులెండి. సంక్రాంతికి వారం ముందు, హైదరాబాద్ సగం ఖాళీ అయ్యే టైమ్. మా సెర్చ్ పేజీ మెల్లగా నత్తనడకకి వచ్చేసింది. నేను ఏమాత్రం ఆలోచించకుండా టీమ్ గ్రూపులో పెట్టేశా, "అన్నా, మీ క్వెరీలే స్లోగా ఉన్నాయి" అని. అన్న అంటే మా డేటాబేస్ చూసుకునే ఆయన. ఆ రాత్రి ఆయనకి శ్రీకాకుళం బస్సు ఉంది. పాపం, దాన్ని వదిలేసుకుని ఇండెక్సులు వేస్తూ కూర్చున్నాడు. ఏం మారలేదు.

రాత్రి రెండింటికి నేను సీప్రొఫైల్ రన్ చేశా. ఏ ఫంక్షన్‌లో ఎంత టైమ్ పోతోందో చూపించే టూల్, పైథాన్‌తో పాటే వస్తుంది. లిస్టులో పైన డేటాబేస్ లేదు. పీప్రింట్ లోపలి ఫంక్షన్లు ఉన్నాయి. అంటే డేటాని అందంగా, లైన్లు విరిచి చూపించే మాడ్యూల్. దాన్ని ఎవరు పిలిచారు? నేనే. స్లోనెస్ ఎక్కడుందో కనుక్కుందామని రెండ్రోజుల ముందు ఒక డీబగ్ లాగ్ పెట్టా. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడం అంటే ఇదే.

ఇక్కడ మీకు డౌట్ రావాలి. ప్రొడక్షన్‌లో డీబగ్ లాగ్స్ ఆఫ్‌లో ఉంటాయి కదా, ఖర్చేంటి? నాదీ అదే ధీమా. కానీ నేను రాసిన లైన్ ఇది: లాగర్ డాట్ డీబగ్, బ్రాకెట్‌లో పీఫార్మాట్ ఆఫ్ రిజల్ట్. పైథాన్ ముందు బ్రాకెట్ లోపలి పని పూర్తి చేస్తుంది, ఆ తర్వాతే డీబగ్‌ని పిలుస్తుంది. అంటే టెక్స్ట్ మొత్తం తయారయ్యాక, "డీబగ్ ఆఫ్‌లో ఉంది" అని పారేస్తుంది. ముందు ఈజ్ ఎనేబుల్డ్ ఫర్ అని అడిగి ఉంటే గొడవే లేదు.

సరే, తయారుచేయడానికి అంత టైమ్ ఎందుకు? అసలు విషయం ఇది.

మా రిజల్ట్ ఒక డిక్షనరీ. అందులో బస్సుల లిస్టు, ఒక్కో బస్సులో సీట్లు, సీటులో ధర, ధరలో ట్యాక్సు... ఎనిమిది పొరలు అనుకోండి. పెళ్ళిలో ఇచ్చే స్టీలు డబ్బాల సెట్ ఉంటుంది చూడండి, ఒకదాంట్లో ఒకటి, అలా. పీప్రింట్ ప్రతి డబ్బా దగ్గరా ఒక ప్రశ్న వేస్తుంది: "ఇది 80 అక్షరాల లైన్‌లో పడుతుందా?" జవాబు కోసం డబ్బాలన్నీ ఆఖరిదాకా తెరిచి, మొత్తం టెక్స్ట్‌గా మార్చి, పొడవు కొలుస్తుంది. పట్టలేదా, ఆ టెక్స్ట్ పారేసి లోపలి డబ్బా దగ్గరికెళ్ళి మళ్ళీ అదే ప్రశ్న. మళ్ళీ అన్నీ తెరవడం. ఎనిమిది పొరల కింద ఉన్న 850 అనే సీటు ధర దాదాపు 8 సార్లు టెక్స్ట్‌గా మారుతుంది, మనకి కావలసింది ఒక్కసారే. పైగా డిక్షనరీ కీస్‌ని ప్రతిసారీ సార్ట్ చేస్తుంది. అది వద్దంటే పైథాన్ 3.8 నుంచి సార్ట్ డిక్ట్స్ ఈక్వల్స్ ఫాల్స్ అని ఇవ్వొచ్చు.

డేటా పెద్దదవ్వడం ఒక ఖర్చు, లోతు పెరగడం ఇంకో ఖర్చు. రెండూ గుణించుకుంటాయి.

ఇక నా రెండో తెలివి. "పీప్రింట్ వద్దు, నేనే రాస్తా" అని చిన్న రికర్సివ్ ఫంక్షన్ రాశా. పిల్ల దగ్గర్నుంచి టెక్స్ట్ వస్తే, ప్రతి న్యూలైన్ పక్కన నాలుగు స్పేసులు కలిపి పైకి పంపడం. ఇంటర్వ్యూల్లో నూటికి తొంభైమంది ఇలాగే రాస్తారనుకుంటా. చూడ్డానికి బాగుంటుంది. కానీ అట్టడుగు లైన్ పైకి వచ్చేలోపు ప్రతి పొరలోనూ మళ్ళీ కాపీ అవుతుంది. అదే జబ్బు, కొత్త చొక్కా!

మందు సింపుల్. టెక్స్ట్‌ని పైకి పంపకండి. పైనే ఒక ఖాళీ లిస్టు తీసి, దాన్నే కిందికి పంపండి. ఎన్ని స్పేసులు కావాలో ఆ నంబర్ కూడా కిందికే. ఎవరి ముక్క వాళ్ళు లిస్టులో అపెండ్ చేస్తారు, చివర్లో ఒక్క జాయిన్. ప్రతి ముక్కా ఒక్కసారే పుడుతుంది. ప్లస్ ఈక్వల్స్‌తో స్ట్రింగ్ పెంచినా పైథాన్ కొన్నిసార్లు లోపల్లోపల కాపాడుతుంది, కానీ దాన్ని నమ్ముకోకండి.

మరి "80లో పడుతుందా" అన్న ప్రశ్న? ఆటోలో ముగ్గురు పడతారా అని చూడ్డానికి పెళ్ళివారందర్నీ లెక్కపెట్టక్కర్లేదు. నాలుగో మనిషి కనబడగానే ఆపేయొచ్చు. అలాగే 80 అనే బడ్జెట్ పట్టుకుని లోపలికెళ్ళండి, ఖర్చు చేసుకుంటూ పోండి, సున్నా దాటగానే "పట్టదు" అని వెనక్కి వచ్చేయండి. కింద ఎంఎల్ఏల లిస్టంత డేటా ఉన్నా మనకి అనవసరం. ప్రతి డబ్బా దగ్గరా చూసేది మహా అయితే 80 అక్షరాలు.

ఇది నా ఐడియా ఏం కాదు. డెరెక్ ఆపెన్ అనే ఆయన 1980లోనే ప్రెట్టీ ప్రింటింగ్ మీద పేపర్ రాశాడు. లైన్ వెడల్పుకి సరిపడా ముందుకి చూస్తే చాలు, ఇన్‌పుట్ పొడవుకి తగ్గ టైమ్‌లోనే పని అయిపోతుందని చూపించాడు. నేను నలభై ఏళ్ళ తర్వాత రాత్రి రెండింటికి తెలుసుకున్నా.

జేసన్ గురించి కూడా ఒక మాట. మేం అప్పుడు వాడిన పైథాన్‌లో జేసన్ డంప్స్‌కి ఇండెంట్ ఇవ్వకపోతే సీ భాషలో రాసిన ఎన్‌కోడర్ నడుస్తుంది, ఇండెంట్ ఈక్వల్స్ 2 అనగానే మామూలు పైథాన్ కోడ్‌లోకి దిగిపోతుంది. మీ వెర్షన్‌లో ఎలా ఉందో టైమిట్‌తో రెండూ కొలిచి చూడండి.

చివరికి మేం చేసింది ఏంటంటే, నేను ముచ్చటపడి రాసుకున్న ఫార్మాటర్ కూడా పక్కన పెట్టేశాం. ఇండెంట్ లేకుండా, అవసరమైనప్పుడు మాత్రమే, ఒకే లైన్‌లో జేసన్ లాగ్. అందంగా చూడాలంటే చదివేవాళ్ళు తమ ల్యాప్‌టాప్‌లో జేసన్ డాట్ టూల్‌కి ఇచ్చుకుంటారు. టికెట్ కొనేవాళ్ళు దానికోసం ఆగడం ఎందుకు?

తెల్లారేసరికి సెర్చ్ మామూలైంది. గ్రూపులో అందరి ముందూ అన్నకి సారీ చెప్పా. ఆయనకి ఆ రోజు మా సైట్లోనే సీటు దొరకలేదు. భోగి ముందురోజు ఎవరిదో కార్లో వెళ్ళాడు. నా సారీకి రిప్లై మాత్రం దారిలోంచి పెట్టాడు: "తమ్ముడూ, ఈసారి ముందు నీ లాగ్ తీసేసి, అప్పుడు ఫోన్ చెయ్."