పింఛను: భారమా, బాకీయా?

మన భాషలో పెన్షన్‌కు రెండు పేర్లున్నాయి. కాగితాల మీద విశ్రాంతి వేతనం, జనం నోట పింఛను. మొదటిది కాస్త కృతకంగా వినిపించినా అందులోని ‘వేతనం’ అనే మాట విలువైనది. చేసిన పనికి ఇచ్చేది వేతనం. దయతలచి ఇచ్చేది కాదు. ఇరవై ఏళ్ళుగా ఆంధ్రదేశంలో ఉపాధ్యాయులూ ఉద్యోగులూ చేస్తున్న ఆందోళనంతా ఈ ఒక్క పదం చుట్టూ తిరుగుతోంది. బడ్జెట్ చర్చలలో మాత్రం దీనికి అలవాటుగా తగిలించే మాట వేరు. అది ‘భారం’. సాహిత్య పత్రికలో పింఛను గొడవ ఎందుకని అడిగే మిత్రులకు నా సమాధానం ఒక్కటే. ఒకే వస్తువును ఎవరు ఏ పేరుతో పిలుస్తున్నారో, ఎందుకు పిలుస్తున్నారో గమనించడం విమర్శకుని పని కాకపోతే మరెవరి పని?

ఈ రెండు మాటల తగాదా ఇవాళ్టిది కాదు. 1871లో ఆంగ్ల ప్రభుత్వం చేసిన పింఛనుల చట్టం, పింఛను విషయమై దావాలు విచారించకుండా సివిల్ కోర్టుల చేతులు కట్టేసింది. ఇచ్చేవాడి దయ, పుచ్చుకునేవాడి ప్రాప్తం అన్నదే దాని వెనుకనున్న భావం. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా చాలాకాలం ఆ నీడ తొలగలేదు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. తీర్పు రాసినవారు జస్టిస్ డి.ఎ. దేశాయ్. పింఛను యజమాని ఇష్టాన్ని బట్టి పారవేసే బహుమానం కాదనీ, గడిచిన సేవకు చెల్లింపనీ, వృద్ధాప్యంలో ఆర్థిక భద్రత కోసం ఏర్పడిన సామాజిక న్యాయమనీ దాని సారాంశం. 1979 మార్చి 31 అనే తేదీని గీతగా గీసి, దానికి ముందు విరమించినవారికి ఒక లెక్క, తరువాతివారికి ఒక లెక్క అనడం చెల్లదని ఆ కేసులో తేలింది. పింఛనుదారులు నేటికీ డిసెంబరు 17ను పండుగగా జరుపుకుంటారు.

అయితే గీతలు గీసే అలవాటు పోలేదు. 2004 జనవరి 1న కేంద్రమూ, అదే ఏడాది సెప్టెంబరు 1న మన రాష్ట్రమూ మరో గీత గీశాయి. ఆ తరువాత కొలువులో చేరినవారికి పాత పింఛను లేదు, సి.పి.ఎస్. అనే వాటాల పద్ధతి వచ్చింది. ఒకే బడిలో, ఒకే తరగతికి, ఒకే పాఠం చెప్పే ఇద్దరు పంతుళ్ళ ముసలితనం వేరువేరు అయింది. నేను గీతకు ఇవతలివాణ్ణి. కాబట్టి ఈ వ్యాసాన్ని తటస్థుడి వ్యాసమని పాఠకులు అనుకోనక్కరలేదు.

పద్ధతి ఎలా నడుస్తుందో చూద్దాం. పాత విధానంలో ఉద్యోగి పింఛను కోసం ఏమీ కట్టడు. పూర్తి సర్వీసు చేసినవాడికి చివరి మూలవేతనంలో సగం పింఛనుగా వస్తుంది. ధరలతోపాటు కరువుభత్యం పెరుగుతుంది. ఆయన పోతే భార్యకు కుటుంబ పింఛను ఉంటుంది. కొత్త విధానంలో మూలవేతనం, కరువుభత్యం కలిపి నూటికి పది రూపాయలు ఉద్యోగి నుంచి, మరో పది ప్రభుత్వం నుంచి జమ అవుతాయి. (2019లో కేంద్రం తన ఉద్యోగుల విషయంలో తన వాటాను పద్నాలుగుకు పెంచింది.) ఆ సొమ్ము ఫండు మేనేజర్ల ద్వారా బాండ్లలోకీ, కొంత షేర్లలోకీ పోతుంది. విరమణనాడు అరవై పాళ్ళు చేతికిస్తారు. కనీసం నలభై పాళ్ళతో బీమా కంపెనీ నుంచి నెలసరి చెల్లింపు కొనుక్కోవాలి. ఉదాహరణకు ముప్పై లక్షలు పోగయ్యాయనుకోండి. పన్నెండు లక్షలకు ఏడాదికి నూటికి ఆరున్నర వస్తే నెలకు ఆరువేల ఐదువందలు. ఇరవై ఏళ్ళ తరువాత బియ్యం ధర ఎంతైనా ఆ ఆరువేల ఐదువందలు కదలదు. మిగిలిన పద్దెనిమిది లక్షలు చేతిలో ఉంటాయి కదా అంటారు. నిజమే; కూతురి పెళ్ళి, ఇంటి అప్పు, ఆసుపత్రి అవి ఎన్నాళ్ళుంటాయో గుమ్మం దగ్గరే నిలబడి లెక్కపెడుతుంటాయి.

ఇక రెండవ పక్షం వాదన. దాన్ని తేలిక చేసి మాట్లాడటం మన సభలలో అలవాటైపోయింది. పాత పింఛనుకు వెనుక నిధి అంటూ ఏదీ లేదు. ఈ ఏటి పన్నులతో ఈ ఏటి పింఛన్లు చెల్లిస్తారు. కనుక బ్యాంకు దివాలా తీసినట్లు అది ఒకనాడు తలుపులు మూసేయదు. కాని రాష్ట్ర రాబడిలో దాని పాలు పెరిగినకొద్దీ కొత్త పంతుళ్ళ నియామకాలకూ, ఆసుపత్రులకూ మిగిలేది తగ్గుతుంది. స్వాతంత్ర్యం నాటికి మన సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏళ్ళు. ఇప్పుడు 70 దాకా వచ్చింది. 2023 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం, రాష్ట్రాలన్నీ పాత పద్ధతికి మళ్ళితే కొత్త పద్ధతితో పోల్చినప్పుడు మొత్తం భారం నాలుగున్నర రెట్లదాకా పోవచ్చనీ, 2060 నాటికి అదనపు ఖర్చు ఏటా దేశ స్థూల ఉత్పత్తిలో 0.9 శాతానికి చేరవచ్చనీ అంచనా కట్టింది. రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, పంజాబ్, హిమాచల్ ప్రదేశ్ 2022, 2023లలో వెనక్కి మళ్ళాయి. అలా మళ్ళిన ప్రభుత్వానికి వెంటనే కలిగేది నష్టం కాదు, లాభం: నెలనెలా కట్టవలసిన వాటా మిగులుతుంది. అసలు బిల్లు వచ్చేది 2004 తరువాత చేరినవారు గుంపుగా విరమించే రోజులలో, మరెవరో కుర్చీలో ఉన్నప్పుడు. ఇది మనకు నచ్చని సత్యం. అయినా సత్యమే.

ఈ లెక్కల భాషలో ఒక పదబంధం నన్ను చాలాకాలంగా వేధిస్తోంది: దీర్ఘాయుష్షు వల్ల కలిగే ప్రమాదం. పెళ్ళి పీటల మీద శతమానం భవతి అని అక్షతలు వేసిన సమాజమే ఖాతా పుస్తకం తెరిచేసరికి నూరేళ్ళ బతుకును నష్టం పద్దులో రాసుకుంటోంది. పాలకులకు ముసలివాళ్ళు ఎప్పుడు ఎక్కువవుతారో, ఎప్పుడు అవసరమవుతారో కూడా చెప్పలేం. 1983లో ఈ రాష్ట్రం విరమణ వయసును 58 నుంచి 55కు దించింది. తరువాత మళ్ళీ 58 చేసింది. 2014లో 60 అయింది, 2022 జనవరిలో 62. చివరి పెంపు విరమణ చెల్లింపులను వాయిదా వేయడానికేనని అప్పుడు చాలామంది అన్నారు.

‘రేపటి పిల్లల నెత్తిన అప్పు’ అన్నది ఈ వాదంలో అన్నిటికన్నా బలమైన మాట. సాహిత్య విద్యార్థులకు ఇక్కడ కారా మాస్టారి ‘యజ్ఞం’ గుర్తురావాలి. 1964లో వచ్చిన ఆ కథలో అప్పు పంచాయతీకెక్కుతుంది. అంకెలు అంకెలుగా సరిపోతాయి. ఆ అప్పు ఎలా పుట్టింది, ఎవరు బాగుపడ్డారు అన్న ప్రశ్న మాత్రం అంకెల బయట నిలబడుతుంది. పింఛను విషయంలోనూ అంతే. సి.పి.ఎస్. వల్ల భారం మాయం కాలేదు, ఇల్లు మారింది. ఆదాయం చాలని తండ్రిని ప్రభుత్వం పోషించకపోతే కొడుకు పోషించాలి. కొడుకు పేరు చెప్పి కోడలు మంచం పక్కన కూర్చోవాలి. రాష్ట్రం పద్దులో మిగిలింది కుటుంబం పద్దులో ఖర్చవుతుంది. అంటే అప్పు ఆ పిల్లల నెత్తినే పడుతుంది. కాకపోతే దానికి గణాంకాలుండవు.

రాజకీయాల సంగతి క్లుప్తంగా చెబుతాను. 2019 ఎన్నికల ముందు జగన్మోహనరెడ్డి గారు అధికారానికొచ్చిన వారంలో సి.పి.ఎస్. రద్దు చేస్తామన్నారు. రద్దు కాలేదు. 2022 ఫిబ్రవరి 3న ‘చలో విజయవాడ’ పిలుపుమీద బి.ఆర్.టి.ఎస్. రోడ్డు ఉద్యోగులతో నిండిపోయింది. ఆనాటి ముఖ్య వివాదం వేతన సవరణే అయినా ఈ కోరికా దానితో కలిసి నడిచింది. 2023లో జి.పి.ఎస్. చట్టం తెచ్చారు: వాటాలు కొనసాగుతాయి, చివరి మూలవేతనంలో సగానికి తగ్గితే ప్రభుత్వం పూడుస్తుంది. దరిదాపుగా ఇదే దారిలో, వాటాలు ఉంచుతూనే సగానికి హామీ ఇస్తూ, కేంద్రం 2025 ఏప్రిల్ 1 నుంచి ఏకీకృత పింఛను పథకాన్ని తెచ్చింది; పూర్తి హామీకి ఇరవై అయిదేళ్ళ సర్వీసు కావాలి. మార్కెట్టుకు వదిలితే ముసలితనం గడవదని పాలకవర్గమే ఒప్పుకోవడం ఇందులో విశేషం.

మనవాళ్ళతో చెప్పవలసింది వేరే ఉంది. గన్నవరంలో మా వీధిలో నాలుగు రకాల ముసలివాళ్ళున్నారు. పాత పింఛను హెడ్మాస్టారు ఒకరు. సి.పి.ఎస్.లో విరమించిన గుమాస్తా ఒకరు. మిల్లులో ముప్పై ఏళ్ళు చేసి 1995 నాటి పి.ఎఫ్. పింఛను తీసుకునే కార్మికుడు ఒకరు. ఆ పథకంలో కనీస మొత్తాన్ని 2014లో వెయ్యి రూపాయలు చేశారు, 7,500 చేయమని వాళ్ళు ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. నాలుగో ఆమె వరినాట్లు వేసి నడుము వంగిన కూలీ. ఒకటో తారీకున ఆమె గడపలోకి నాలుగువేలు వస్తాయి. 2024 జూలై నుంచి రాష్ట్రం ఇస్తున్న మొత్తం అది. అలాంటి పేద వృద్ధులకు కేంద్రం ఇచ్చే పాలు 2007లో రు. 200, ఇప్పుడూ రు. 200. ఎనభై దాటితే అయిదువందలు.

పింఛను దాచుకున్న వేతనమన్న నకారా తర్కాన్ని మనం గట్టిగా పట్టుకున్నాం. మంచిదే. కాని ఆ తర్కం ప్రకారం వరి నాటిన చేతికి ఎంత వేతనం దాచి ఉంచారు? ఆమెకు వచ్చేదాన్ని మనలోనే కొందరు ‘ఉచితం’ అంటారు. బల్లమీద కూర్చుని ‘భారం’ అనేవాడి నోటికీ, టీచర్ల గదిలో ‘ఉచితం’ అనేవాడి నోటికీ తేడా ఏమిటి? జీతం తక్కువ ఇచ్చినప్పుడు మిగిలింది యజమాని దగ్గరే ఉండిపోయింది. దాన్ని బాకీ అనకుండా మరేమంటారు? సభలలో నేనీ మాట అన్నప్పుడు, ముందు మనది సాధించుకున్నాక అది చూద్దాం అంటారు. ముందు మనది అన్నవాడికి రేపు రోడ్డు మీద తోడెవరు వస్తారో ఆలోచించరు.

మన కథలలో ముసలివాళ్ళు బోలెడుమంది. అరుగు మీద ఒంటరిగా కూర్చుంటారు, కొడుకులు చూడరు, అమెరికా నుంచి ఫోను రాదు. రచయిత కన్నీరు పెట్టించి కొడుకు మీద నేరం మోపి ఊరుకుంటాడు. ఆ ముసలాయనకు నెలకెంత వస్తుంది, ఎక్కడ నుంచి వస్తుంది, ఎవరు తగ్గించారు అన్నది కథలో తరచుగా కనిపించదు. 2004లో ముప్పయ్యో ఏట చేరిన ఉపాధ్యాయుడు 62 నిండి 2036లో విరమిస్తాడు. నా వరస ఇంకో అయిదారేళ్ళకు. సి.పి.ఎస్. తరం ముసలితనం ఇంకా మన కథల్లోకి రాలేదు. ఆ నాలుగో ఇంటి ముసలితనం మాత్రం ఎప్పటినుంచో మన కళ్ళముందే ఉంది.