నీళ్లున్నా వాడిపోయే టమాటా

"పొద్దున పచ్చగా ఉన్న టమాటా మొక్క మధ్యాహ్నానికి తల వాల్చేసింది. నీళ్లు పోసినా లేవలేదు. ఆకు పసుపెక్కలేదు, పురుగూ లేదు. ఏమైంది?" అని పెరటి తోట పెంచే పాఠకురాలు ఒకరు అడిగారు. ఇలాంటి ప్రశ్న చేతికి దొరికితే వదలబుద్ధి కాదు.

నేల నుంచి టమాటాకు వచ్చే జబ్బులు చాలా ఉన్నాయి. నారు కుళ్లు, ఫ్యుజేరియం ఎండు తెగులు, వేర్లకు బుడిపెలు కట్టించే నులిపురుగులు. ఫ్యుజేరియం అయితే ముందు కింది ఆకులు పసుపెక్కుతాయి. పచ్చగా ఉండగానే మొక్కంతా వాలిందంటే అనుమానించాల్సింది బ్యాక్టీరియా ఎండు తెగులును. తేల్చుకోవడం తేలికే. మొదలు దగ్గర కాండం కోసి, ఆ ముక్కను గాజు గ్లాసులోని నీళ్లలో నిలువుగా వేలాడదీయండి. కొద్ది నిమిషాల్లో కోసిన చోటు నుంచి తెల్లటి పోగులు కిందికి జారితే అదంతా రాల్‌స్టోనియా సొలనసియారమ్ అనే బ్యాక్టీరియానే.

ఇప్పుడు అసలు వింత. ఈ బ్యాక్టీరియా వేరుకు తగిలిన గాట్ల గుండా, పిల్లవేర్లు చీల్చుకొచ్చే సందుల గుండా లోపలికి దూరి, నీళ్లు మోసే నాళాలకు చేరుతుంది. అక్కడికి చేరగానే దాడి చేయదు. తక్కువమంది ఉన్నంతసేపు పెరగడం, ఈదడం, ఇనుము పోగేసుకోవడం, అంతే దాని పని. ఈలోగా ప్రతి కణమూ ఒక కొవ్వు ఆమ్లపు ఎస్టరును బయటికి వదులుతూ ఉంటుంది. సంతలో ఇద్దరు మాట్లాడుకుంటే పక్కవాడికీ వినపడదు, వెయ్యిమంది మాట్లాడితే ఊరి పొలిమేరకు వినపడుతుంది. ఇదీ అంతే. మిల్లీలీటరుకు సుమారు కోటి కణాలు చేరేసరికి ఆ రసాయనం చాలినంత చిక్కబడుతుంది. అప్పుడు పీహెచ్‌సీఏ (phcA) అనే జన్యువు మేలుకుంటుంది. కణాలు ఈత తగ్గించి, చక్కెర అణువుల గొలుసులతో జిగురు తయారుచేయడం మొదలుపెడతాయి. నాళాలు పూడుకుపోతాయి. వేరు కింద తడి ఉన్నా ఆకుకు చుక్క అందదు. మరి మొదటి నుంచే జిగురు ఎందుకు చేయదు? ఆ తయారీకి పెట్టే ఖర్చు పెరుగుదలకు కోత పెడుతుంది కాబట్టి! పీహెచ్‌సీఏ చెడిన కణాలు ప్రయోగశాలలో చకచకా పెరుగుతాయి గానీ మొక్కను చంపలేవు. ఆ సంకేత రసాయనాన్ని 1997లో జార్జియా విశ్వవిద్యాలయం పరిశోధకులు గుర్తించారు. అది గాలిలో ఆవిరిగా కూడా పనిచేయగలదు!

ఈ బ్యాక్టీరియాను 1896లో వర్ణించినవాడు అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన ఎర్విన్ స్మిత్. మరుసటి ఏడే జర్మనీలోని లైప్‌జిగ్ వృక్షశాస్త్రజ్ఞుడు ఆల్‌ఫ్రెడ్ ఫిషర్, మొక్కలకు బ్యాక్టీరియా జబ్బులే రావని, అవి చచ్చిన కణజాలం మీద తర్వాత చేరేవేనని తేల్చేశాడు. స్మిత్ ఊరుకోలేదు. ప్రయోగాల మీద ప్రయోగాలు పేర్చుతూ 1901 దాకా పత్రికల్లో కలహించాడు. ఫిషర్ రాతల కన్నా ఒళ్లుమండిన స్మిత్ రాతలే నాకు ఇష్టం, నిజం కూడా ఆయనవైపే ఉంది.

ఇక ఏం చేయాలన్నది. దుకాణంలో ఏదో డబ్బా చేతికిచ్చి "పిచికారీ చేయండి" అంటారు. నాళం లోపల జిగురులో కూర్చున్న దానికి ఆకు మీద మందు ఏం చేస్తుంది? ఆ డబ్బు మరోదానికి పెట్టండి. వంగ వేరుమీద అంటుకట్టిన టమాటా నారు దొరికితే తెచ్చుకోండి. తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల కేంద్రం సిఫారసు చేసిన వంగ రకాల వేర్లలో బ్యాక్టీరియా చేరినా పైకి అంతగా పాకలేదు. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్క రక్షక్ రకం కూడా ఈ తెగులును తట్టుకునేదే. జబ్బు కనిపించిన మడిలో టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప మళ్లీ వేయొద్దు. జొన్న, మొక్కజొన్న వేయండి. ఏప్రిల్, మే ఎండల్లో మడిని తడిపి, పారదర్శకమైన పాలిథీన్ షీటు నెలన్నర కప్పి ఉంచితే కొంత మేలు.

వాలిన మొక్కను మాత్రం ఈ రోజే వేర్లతో, చుట్టూ మట్టితో సహా తీసి సంచిలో కట్టి పారేయండి. కంపోస్టు గుంతలో వేయకండి, ఆ మడి నీరు పక్క మడిలోకి పారనివ్వకండి.