ఎడారి నుంచి వచ్చిన పెట్టుబడి

నారాయణగూడ నుంచి చిక్కడపల్లి మీదుగా అశోక్ నగర్ దాకా ఎప్పుడైనా నడిచారా? గ్రంథాలయానికీ, పోటీపరీక్షల శిక్షణకూ వచ్చేవారితో ఆ వీధులు కిటకిటలాడుతుంటవి. వారిని నమ్ముకుని ఇడ్లీబండ్లు, మెస్సులు, జిరాక్సు దుకాణాలు వెలిశాయి. ఇటువంటి చిన్న వ్యాపారానికి మొదటి పెట్టుబడి ఎక్కడిది? అప్పు, నగల తాకట్టు, చీటీపాట – ఇలా దారులు చాలా వున్నవి. దూరదేశంలో కష్టపడే మనిషి పంపే డబ్బు వాటిలో ఒకటి.

1973లో చమురు ధర పెరిగి గల్ఫు దేశాలకు సంపద వచ్చిపడింది. రోడ్లు, భవనాలు కట్టడానికి పనివారు కావలసివచ్చారు. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి వేలాదిమంది వెళ్ళారు, నేటికీ వెళుతున్నారు. పూర్వం ఇంటివారు బ్యాంకు డ్రాఫ్టు కోసం తపాలా బంట్రోతుకు ఎదురుచూచేవారు. ఇప్పుడు డబ్బు నేరుగా ఖాతాలో పడుతుంది. 2022లో విదేశాల నుంచి భారతదేశానికి ఇలా వచ్చిన సొమ్ము 10,000 కోట్ల డాలర్లు దాటింది. ఆ ఏడు మరే దేశానికీ అంత రాలేదు.

అయితే ఆ డబ్బుకు ఎన్నో నోళ్ళు! ముందు ప్రయాణానికి చేసిన అప్పు, దాని వడ్డీ. తరువాత ఇల్లు, చదువులు, పెళ్ళిళ్ళు, వైద్యం. అన్నీ కావలసినవే. కాని అంతా ఖర్చయిపోతే, తిరిగివచ్చిన నాన్న మళ్ళీ విమానమెక్కవలసిందే. అందుకే ముందుచూపుగల ఇల్లాలు నెలనెలా కొంత విడిగా దాస్తుంది. రెండు మూడేళ్ళకు అది ఊళ్ళో కుట్టుమిషనో, పాడిగేదో, పట్నంలో టిఫినుబండో అవుతుంది.

ఒక లెక్క చూడండి. ఒక అమ్మ తెల్లవారుజామున పప్పు, బియ్యం, నూనె, గ్యాసులకు 2,000 రూపాయలు పెట్టిందనుకోండి. మధ్యాహ్నానికి గల్లాపెట్టెలో 2,600 చేరినవి. ఆమె సంపాదన ఎంత? 600 మాత్రమే! తక్కిన 2,000 రేపటి పప్పు. దాన్నే "మొదలు" అంటారు. అది ముట్టుకుంటే రేపు పొయ్యి వెలగదు. 600లోనూ బండి మరమ్మతుకు, వానపడి బేరంలేని రోజుకు కొంత తీసిపెట్టాలి. మిగిలినదే ఇంటిఖర్చుకు.

అన్ని దుకాణాలూ నిలవవు. పక్కపక్కన నలుగురు అదే సరుకు అమ్మితే బేరం చీలిపోతుంది. అరువు పెరిగితే మొదలు కరిగిపోతుంది. 2020లో కరోనా వచ్చి ఇక్కడ శిక్షణ కేంద్రాలు మూతపడినవి. అక్కడ గల్ఫులో పనులు పోయి ఎందరో ఇంటిదారి పట్టారు. అటువంటి రోజుల్లో ఆదుకునేది దాచిన సొమ్మే.

కూర్చుని తింటే కొండలైనా తరుగుతవి కదా! మొదలును కాపాడుకున్న ఇంట్లో నాన్న రాత్రి భోజనానికి పిల్లల పక్కన కూర్చోగలడు. మీ వీధిలోని ఒక చిన్న దుకాణానికి మొదలెంతో, లాభమెంతో పెద్దల నడిగి లెక్క వ్రాసి చూడండి.